వంతెన లేపే మనిషి

నది ఉత్సవం రోజు పాత వంతెన మీద ఇసుక వేస్తే రాలనంత జనం. పడవలొస్తే వంతెనను పైకి లేపే యంత్రం ఉన్న గది ముందు, ఉత్సవం వాళ్ల అమ్మాయి ఒక పెద్దాయన్ని ఆపింది.

“లోపలికి గుంపులుగానే పంపుతున్నాం బాబాయ్‌గారూ. మీతో ఎవరొచ్చారు?”

“ఎవరూ లేరమ్మా. ఈ గదిలో ఇరవై ఆరేళ్లు ఒక్కణ్ణే పనిచేశాను.”

“వంతెన లేపేది మీరా! పొద్దున్నుంచీ అందరికీ యంత్రం గురించే చెబుతున్నాను. మీ సంగతి మా కాగితాల్లో లేదు.”

“ఉండదులే. పడవలవాళ్లు చెయ్యూపేవారు, నేనూ ఊపేవాణ్ణి. రిటైరయ్యాక ఒకరోజు పడవెక్కి చూశాను. కిందనుంచి ఈ గది కిటికీ అద్దంలో ఆకాశం తప్ప మనిషి కనపడడు.”

“మరి వాళ్లు ఊపింది...”

“వంతెనకేనేమో.”

అమ్మాయి గది తలుపు తీసింది.

“ఆ కిటికీ తెరుచుకుంటుందా?”

“గట్టిగా తోస్తే రావచ్చు.”

“అయితే తోయండి. నేను ఒడ్డుకెళ్తాను.”

ఆయన భుజం ఆనించి తోశాడు. మూడోసారికి రెక్క కదిలింది.

“కనబడుతున్నారు బాబాయ్‌గారూ!” కిందనుంచి ఆమె చెయ్యెత్తి అరిచింది. చుట్టూ ఉన్న జనం తలలెత్తి చూశారు.

ఆయన గబగబా చొక్కా పైబొత్తాం పెట్టుకున్నాడు.