సుంకమ్మ ఏడు బెండ్లు

సరే, ఒకటి చెప్పండి చూద్దాం. నీళ్లలో మనిషిని తేల్చేది ఏంది? ఒకరి తర్వాత ఒకరు చెప్పాల, అందరూ ఒక్కసారి అరిస్తే నాకు ఒక్కటీ వినపడదు. గాలి ట్యూబా? తేజు గాలి ట్యూబు అన్నాడు. భవ్యా, నువ్వు? కాళ్లూ చేతులా? అదీ ఒక జవాబే. చిన్నోడు దేవుడంటాడు. బాగుంది, మూడూ పక్కన పెట్టుకుందాం, ఏదీ కొట్టెయ్యొద్దు. కథ అయినాక ఎవరిది నిలబడుతుందో మీరే చూసుకోండి. నాకు మిద్దె మీద వడియాలు సగంలో ఉండాయి, పిండి మీద తడిగుడ్డ కప్పి వచ్చినా, కాబట్టి మధ్యలో నీళ్లు తాగొస్తా, నిక్కరు మార్చుకొస్తా అనేది లేదు.

సుంకమ్మ అని ఒకామె. ఏటి ఒడ్డున పుట్టిన మనిషంట. వాళ్ల నాయన పుట్టి నడిపేవాడు. పుట్టి అంటే పడవ కాదు, వెదురుతో పెద్ద బుట్ట అల్లి అడుగున తోలు కడతారు, గుండ్రంగా ఉంటాది, తెడ్డు వెయ్యడం తెలియనోడు ఎక్కితే ఉన్నచోటే తిరుగుతాంటాడు. ఆ ఇంట్లో పిల్లకి నడక కంటే ముందు ఈత వచ్చిందంటే నమ్మండి. అట్లాంటి మనిషికి ఏమైందంటే, మొగుడు జొరమొచ్చి పోయినాడు, రెండేళ్లకి కింద ఎక్కడో ఆనకట్ట కట్టినారు, నీళ్లు వెనక్కి తన్ని ఊరు ఊరంతా మునిగిపోయింది. నీళ్లలో బతికిన మనిషికి నీళ్లే ఇల్లు లేకుండా చేసినాయి. బిడ్డా లేదు, పాపా లేదు. ఉన్నది ఒక్క చెల్లెలు, ఈరమ్మ. ఆమెని ఎర్రమిట్ట అనే మెట్ట ఊరికి ఇచ్చినారు. సుంకమ్మ మూట కట్టుకొని అక్కడికి పోయింది. మూటలో ఏముండాయో అడగండి. రెండు కోకలు, ఒక చెంబు, ఏడు బెండ్లు. బెండు అంటే జీలుగు కట్టె ముక్క, ఎండితే దూదంత తేలిక, నీళ్లలోకి ఎంత తొక్కినా పైకే వస్తాది. ఈత నేర్చుకునేవాళ్ల నడుముకి కడతారు. ఏరే లేని ఊరికి బెండ్లు ఎందుకమ్మా అని దారిలో ఒకరడిగినారంట. ఏమో, ఇవి పారేసేకి చేతులు రాలేదు అనిందంట.

ఎర్రమిట్టలో ఏముంది? కొర్ర, జొన్న, వేరుశెనగ. సుంకమ్మకి అవేమీ తెలియవు. వచ్చిన నాలుగో దినం చెల్లెలి మొగుడు మద్దిలేటి, వదినె ఊరికే కూర్చొని తింటే ఆమెకే బాగుండదు అనుకొని, చేనికి తీసుకుపోయి గడ్డి తియ్యమన్నాడు. పొద్దు గూకేలోపల రెండు సాళ్లు నున్నగా తీసిపెట్టింది. మద్దిలేటి వచ్చి చూస్తే గడ్డి అట్లే ఉంది, కొర్ర లేదు! కొర్ర పైరు చిన్నప్పుడు గడ్డి లాగే ఉంటాది గదా, ఏటి మనిషికి ఏం తెలుస్తాది. ఏం వదినె, ఏం చేస్తివి అన్నాడు. ఏంది మరిదీ, ఇదేగా గడ్డి అని ఒడి నిండా ఉన్న కొర్ర మొలకలు చూపించింది. ఆయన తలకి చుట్టుకున్న గుడ్డ తీసి మళ్లీ చుట్టుకున్నాడంట. ఆయన అననిది ఊరు అనింది. ఏమ్మా, కొర్రలు పీకిన సుంకమ్మా, మా చేనికీ వస్తావా అని ఆడోళ్లు, మగోళ్లు, కడకి మేకలు తోలుకుపోయే ముసలోడు కూడా. మద్దిలేటి చెడ్డోడని అనుకోవద్దు. వానల్లేని ఏడు, ఇంట్లో నలుగురు పిల్లలు, ఇంకో నోరు. టౌనులో ఒకరింట్లో అంట్లు తోమి అక్కడే పడుండేకి మనిషి కావాలంటే, మా వదిన వస్తాదిలే, శెనక్కాయ పీకుడు అయినాక పంపిస్తా అని మాటిచ్చి వచ్చినాడు. ఇంటికొచ్చి ఆ మాట ఆమెకే చెప్పినాడు. సుంకమ్మ సరే మరిదీ అనింది. ఇంకేమంటాది? కానీ ఆ దినం నుంచి ఆమె గుండెలో ఒకటే. తెలియని ఊరిలో, తెలియని గోడల మధ్య, ఎవరివో గిన్నెలు తోముతా చచ్చిపోతానా అని.

ఇప్పుడు బావి దగ్గరికి పోదాం. ఎర్రమిట్టకి ఒక దిగుడుబావి. రాతి మెట్లు నలభై, అడుగున పచ్చగా నీళ్లు. ఆడోళ్లు బిందె నడుమున పెట్టుకొని ఆ మెట్లన్నీ దిగి ముంచుకోవాల. కింది మెట్లు పాచి పట్టి ఉంటాయి, కాలు జారిందా, అంతే. మగపిల్లోళ్లని వాళ్ల నాయనలు గట్టు మీద నుంచి తోసి ఈత నేర్పిస్తారు, ఆడపిల్లలకి ఈత ఎందుకు అంటారు. మరి రోజూ నీళ్ల దగ్గరికి పోయేదెవరు? ఆలోచించండి. అందుకని ఆ బావి ఏడాదికి ఒక తల అడుగుతాదని ఊరి నమ్మకం. దసరాకి కోడిని కోసి, బావికి చూపించి, వండుకొని తినేవాళ్లు. ఒకదినం రెడ్డెమ్మవ్వ కోడలు శేషమ్మ, మూడు నెలల గర్భిణి, ఆఖరి మెట్టు మీద జారింది. బిందె తేలింది, మనిషి తేలలేదు. ఆడోళ్లంతా మెట్ల మీద నిలబడి నోరు కొట్టుకుంటాండారు, అడిగింది, తల అడిగింది అని. సుంకమ్మ పై మెట్ల మీద ఉంది. కొంగు బిగించి, అక్కణ్నుంచే దూకింది. దూకిందో లేదో, నీళ్లు మూసుకున్నాయి. ఒక ఊపిరి, రెండు ఊపిర్లు. తర్వాత శేషమ్మ జుట్టు పట్టుకొని పైకొచ్చింది. గట్టు మీద బోర్లా పడుకోబెట్టి నీళ్లు కక్కించి, శేషమ్మ కళ్లు తెరిచినాక, చుట్టూ నిలబడినోళ్లని చూసి ఏమనిందో తెలుసా? బావి ఏమీ అడగలేదమ్మా, మీరే ఇస్తాండారు, అనింది.

ఆ మాట రెడ్డెమ్మవ్వ చెవిన పడింది. రెడ్డెమ్మవ్వ అంటే ఊరికి పెద్ద, డెబ్బై ఏండ్ల మనిషి, కళ్లకి పొరలొచ్చి సగమే కనపడతాది గానీ నోరు మాత్రం మూడు వీధులు కనపడినట్టే మాట్లాడతాది. ఏమే సుంకీ, అట్లయితే ఇయ్యకుండా నేర్పించు, చేతనైతుందా? అనింది. అవుతాది అవ్వా. ఆడపిల్లలకే? ఆడపిల్లలకే. మగోళ్లు చూస్తే? చూడకుండా నువ్వు కాపలా కూర్చో అవ్వా అనిందంట సుంకమ్మ. అందరూ నోళ్లు తెరిచినారు, రెడ్డెమ్మవ్వని కాపలా పెట్టుకునేదా ఈ కొర్రలు పీకినామె అని! ముసలామె మాత్రం, ఈ ఊర్లో నన్ను పని అడిగి ఇరవై ఏండ్లయింది, రేపట్నుంచి వస్తా, అనింది. పొద్దు నడినెత్తికి వచ్చే వేళకి పై మెట్టు మీద ముసలామె కట్టె పట్టుకొని, వక్కాకు నములుకుంటా కూర్చునేది. ఎవడన్నా ఆ పక్కకి వస్తే, ఎవర్రా అది, మీ ఇంట్లో ఆడోళ్లు లేరా, పోయి వాళ్లకి జొన్నరొట్టె కాల్చిపెట్టు పో, అని తరిమేది. మొదటి దినం ముగ్గురు పిల్లలు వచ్చినారు. నెల తిరిగేసరికి పదముగ్గురు. శేషమ్మ కూడా దిగింది గానీ అది మరుసటి ఏడు, కాన్పయినాక.

సుంకమ్మ పద్ధతి వేరే ఉండేది, ఇది బాగా వినండి. తోసేది లేదు, తిట్టేది లేదు. ఏడు బెండ్లు తాడుకి కట్టి నడుము వెనకాల వచ్చేటట్టు ముడేస్తాది. ముడేస్తా పైకి లెక్క చెప్తాది, ఒకటి, రెండు, మూడు, ఏడు దాకా. వెనక్కి చెయ్యి పెట్టి చూడగూడదు, అదొక్కటే కట్టుబాటు. పిల్ల ధైర్యంగా నీళ్లలోకి దిగుతాది, ఏడుండాయి గదా. రెండో వారం సుంకమ్మ చప్పుడు లేకుండా ఒకటి తీసేస్తాది. నోటితో మాత్రం ఏడు లెక్కపెడుతుంది. పిల్లకి తెలియదు. ఇంకొన్ని దినాలకి ఇంకోటి. లెక్క ఏడే. అట్లా అట్లా కడకి ఒక్కటీ ఉండదు, వట్టి తాడు. పిల్ల బావి ఆ చివర నుంచి ఈ చివరకి ఈదుతాది, బెండ్లు మోస్తాండాయి అనుకుంటా. నాలుగైదు దినాలు అట్లా ఈదనిచ్చి, అప్పుడు ముడి విప్పి తాడు చేతికిస్తాది. చూసుకో తల్లీ అంటాది. పిల్ల తాడు చూసి, నీళ్లు చూసి, గట్టిగా నవ్వేదంట. కొందరు ఏడ్చేవాళ్లు. ఇంకో కట్టుబాటు ఏందంటే, తాడు అందుకున్నోళ్లు అందుకోనోళ్లకి ఈ మర్మం చెప్పగూడదు. చెప్పలేదు కూడా. పదముగ్గురు ఆడపిల్లలు, ఒక్కరి నోరూ జారలేదు. ఆడోళ్ల నోట్లో మాట దాగదు అనేవాళ్లకి ఇది చెప్పండి.

నేర్పినందుకు నీకు ఏమిచ్చేది అని ఇళ్లవాళ్లు అడిగితే, ఏమీ వద్దు అనేది. ఏమీ వద్దంటే ఊరుకుంటారా? శేషమ్మ ఇంటి నుంచి సోమవారం జొన్నరొట్టె, పుంటికూర వచ్చేది. మంగళవారం గౌండ్లోళ్ల పిల్ల సద్ది తెచ్చేది. ఇట్లా వంతులు పడినాయి, ఎవరూ కూర్చొని పంచుకున్నది కాదు. తడికోక ఆరేసుకునేకి రెడ్డెమ్మవ్వ తన ఎనుములు కట్టే గాటిపాడు పక్క గది తుడిపించి ఇచ్చింది. కోక ఆరేదాంకా కూర్చునేది, కూర్చున్నామె నడుము వాల్చేది, తెల్లారి అక్కణ్నుంచే బావికి పోయేది. సుంకమ్మకి ఇదేదీ పెద్ద విషయం అనిపించలేదు. ఆమె లోపల ఒకటే లెక్క, శెనక్కాయ పీకుడుకి ఇంకా ఎన్ని దినాలుందా అని. ఈలోపల రెడ్డెమ్మవ్వ కట్టె పక్కన పెట్టి, ఏమే సుంకీ, నన్ను దించే అనింది. ఈ వయసులో ఏందవ్వా? ఈ వయసులోనే, వచ్చేసారి జారేది నేనే గదా! అనింది. కాపలాకి శేషమ్మని కూర్చోబెట్టి దిగింది. ముసలామె ఈదుతాంటే బావిలో ఎనుము దిగినట్టు ఉండేదంట, కానీ ఈదింది.

శెనక్కాయ పీకుడు అయిపోయింది. ఒకదినం పొద్దున్నే మద్దిలేటి బండి కట్టి ఇంటి ముందర నిలిపినాడు. సుంకమ్మ మూట తెచ్చింది. రెండు కోకలు, చెంబు. బెండ్లు తెచ్చుకోలేదు, శేషమ్మ చేతికి ఇచ్చేసింది. ఎవరికీ చెప్పలేదు అనుకుంది గానీ బెండ్లు ఇచ్చినాక చెప్పనట్టు ఎట్లా అవుతాది? వీధిలో ఆడోళ్లు నిలబడినారు, పిల్లలు నిలబడినారు. వాళ్లని తోసుకుంటా రెడ్డెమ్మవ్వ వచ్చి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బండెక్కి కూర్చుంది. ఏందవ్వా ఇది, దిగు, టౌనుకి పోవాల, అన్నాడు మద్దిలేటి. పోరా, ఎవరొద్దన్నారు, అయితే నేర్పేది సగంలో వదిలి పోకూడదు గదా. నా నడుముకి ఇంకా ఏడు బెండ్లుండాయి. రోజూ ఆమే లెక్కపెడతాది, నా చెవులతో వింటా. ఏడూ తీసేదాంకా సుంకి కదల్దు, నేను కదల్ను, నీ ఎద్దులూ కదలవు. ఎన్నాళ్లు పడతాది అవ్వా? నా వయసుకి బెండుకో ఏడాది! వీధంతా నవ్వింది. మద్దిలేటి పెద్దామెని చెయ్యి పట్టి దించలేడు గదా. వదినె వైపు తిరిగినాడు. వదినె, నువ్వు చెప్పు. నిజంగా ఏడుండాయా?

అప్పుడు చూడండి. తాడు అందుకున్న పిల్లలందరికీ తెలుసు. అందరూ సుంకమ్మ మొహం చూస్తాండారు, ఉండాయను అక్కా, ఏడుండాయను అని కళ్లతో బతిమాలుతాండారు. ఒక్క మాట అంటే చాలు, టౌను లేదు, అంట్లు లేవు. సుంకమ్మ రెడ్డెమ్మవ్వని చూసింది. ఇప్పుడు ఉండాయంటే ఈ ముసలామె ఉన్నంతకాలం బెండ్లు వెతుక్కుంటాది. నేర్పినదంతా బావిలో పోసినట్టే. లేవు మరిదీ, అనింది. పోయిన సోమవారం ఆఖరిది తీసేసినా. వారం నుంచి అవ్వ వట్టి తాడుతో ఈదుతాంది. రెడ్డెమ్మవ్వ చెయ్యి వెనక్కి పోయింది, నడుము తడుముకుంది. అట్లయితే తేలింది నేనేనా? నువ్వే అవ్వా. సచ్చినదానా, నన్నే మోసం చేస్తివా! అని తిట్టి, తిడతానే నవ్వి, ఏడ్చి, వక్కాకు మింగేసి దగ్గింది.

మద్దిలేటి మూట తీసుకొని బండిలో పెట్టబోయినాడు. అప్పుడు ఈరమ్మ గడప దిగింది. అంతదాకా మొగుడికి ఎదురు మాట్లాడనామె. ఒకటి అడుగుతా చెప్పు, అక్క కంచం మనింట్లో ఎప్పుడు కడిగినాం? మద్దిలేటికి అర్థం కాలేదు. నిన్న? నిన్న సోమవారం, శేషమ్మోళ్ల వంతు. మొన్న? మొన్న... ఆయన తల గోక్కున్నాడు. పోయిన వారం? పీర్ల పండగ ముందర ఎప్పుడో. పడుకునేది? రెడ్డెమ్మవ్వ గదిలో. కట్టేది? కోక శేషమ్మ పెట్టింది గదా. నేను చూస్తానే ఉండా, అనింది ఈరమ్మ, మొదట సోమవారం పోయింది, తర్వాత మంగళవారం పోయింది, ఒక్కొక్క దినమే మననుంచి ఊడిపోయింది. నీకూ తెలియలేదు, ఆమెకీ తెలియలేదు. మద్దిలేటి మూట పట్టుకొని అట్లే నిలబడి, మరి నేను ఇప్పుడు పంపిస్తాండేది ఎవర్ని? అన్నాడంట. సుంకమ్మ చెయ్యి దానంతట అదే వెనక్కి పోయింది. నడుము తడుముకుంది, ఇందాక రెడ్డెమ్మవ్వ తడుముకున్నట్టే.

మూట ఇంట్లోకి పోయింది. బండి మాత్రం ఊరికే విప్పలేదు. రెడ్డెమ్మవ్వ దిగనంటే దిగననింది. కట్టిన బండి, పద బావికి, ఈసారి తాడు గూడా లేకుండా దిగుతా చూడండి అనింది. ఊరు ఊరంతా బండి వెనకాల. టౌనోళ్లకి మద్దిలేటి పోయి చెప్పుకున్నాడు, మా వదినకి చేతి నిండా పని ఉంది, రాదు అని. దసరాకి కోడిని మాత్రం ఇప్పటికీ కోస్తారు, బావికి చూపించడం మానేసినారు, అంతే. కూర తగ్గలేదు.

ఇప్పుడు చెప్పండి, మనిషిని తేల్చింది ఏంది? తేజూ, గాలి ట్యూబు ఇంకా ఉంచమంటావా, కొట్టెయ్యమంటావా? చిన్నోడా, నీది నేను కొట్టెయ్యను. భవ్య ఆలోచిస్తాంది, ఆలోచించనీండి. ముప్పై రెండేండ్లు బడిలో నేను చేసింది గూడా లెక్క ఏడని చెప్తా ఒక్కొక్కటి తియ్యడమే, కొందరు పిల్లలు ఇప్పటికీ నన్ను తిట్టుకుంటాంటారు. సరే, లెయ్యండి, నా కోక తొక్కినారు. మిద్దె మీద కాకి అరుస్తాంది, వినపడిందా? మిగతా వడియాలు అది పెట్టదు, నేనే పెట్టాల.