రాళ్లు తిన్నా అరిగే కడుపు

"తాతా, నిరుడు ఎండకాలం దవాఖానల పడ్డవు గద, గా ముచ్చట మొదటి సంది చెప్పు."

ఫోన్ల రికార్డు చేస్తున్నవా? చెయ్యి. మీ ఆఫీసోళ్లకు మాత్రం ఇనిపియ్యకు, ఇజ్జత్ పోతది.

నా కడుపు మీద నాకు మస్తు పొగరుండె బిడ్డా. రాళ్లు తిన్నా అరుగుతయంటుంటి. నార్సింగిల బర్లు కడిగిన కుంటలనే నోరువెట్టి తాగినోళ్లం మేము. మీ అమ్మోళ్ల నాయిన, గదే, భీమవరం తాత, యాడికొచ్చినా కాచి సల్లార్చిన నీళ్లు సీసల తెచ్చుకునెటోడు. "ఏం బావా, బాలింతవా?" అని నలుగుట్ల ఎక్కిరిస్తుంటి. "అలవాటండి బావగారూ" అని నవ్వెటోడు పాపం.

ఇగ తెల్లాపూర్‌ల మీ అత్త కొత్త ఫ్లాట్‌ల దావత్ అయింది. పగలు మిగిలిన మటన్ కూర పొద్దూకెదాంక వంటింటి బండ మీదనే ఉన్నది. ఫ్రిజ్‌ల జాగ లేకుండె. పారవోస్తనన్నది మీ అత్త. నేనూకుంటనా? గిన్నె ఊడ్సుకొని తిన్న. జర పుల్లగ తగిలింది, నిమ్మకాయ పిండిన్రేమో అనుకున్న!

తెల్లారెసరికి కక్కుడు ఒక దిక్కు, పారుడు ఒక దిక్కు. ముందు ఏ దిక్కు తిరగాల్నో సమజ్ గాలే. నవ్వకే! ఇగ నా తెలివి ఇను. లోపలికి పోతెనే గద బయటికొచ్చేది అని నీళ్లు బందు వెట్టిన. దావత్‌కొచ్చి ఆడనే ఉన్న భీమవరం బావ ఓఆర్ఎస్ పాకెట్ కలిపి గిలాస ఇస్తె, ఆయన అటు తిరగంగనే తులసి కుండిల పోసిన. చెట్టుకేం రోగం?

పగటీలికి పిక్కలు గుంజినయి, నాలుక అట్టలెక్క అయింది, మూత్రం బందయింది. దవాఖానకు ఎత్తుకపోతె ఇజ్జత్ పోతదని నడుసుకుంటనే ఎల్లిన. లిఫ్ట్‌ల కూలవడ్డ. మెడల ఆఫీసు బిళ్లలేసుకున్న పోరగాండ్లు, చెవుల ఇయర్‌ఫోన్లు ఉండంగనే, "ఒక్క నిమిషం, కాల్‌లకు మళ్లొస్త" అనుకుంట నన్ను కుర్చీల మోసిండ్రు.

డాక్టరమ్మ సెలైన్ ఎక్కించింది. "చెడిన కూరతోని పేగులకు ఇన్‌ఫెక్షన్ అయింది తాతా. పోయిన నీళ్లు పోయినట్టు తిరిగి పొయ్యాలె. నీళ్లాపితె మోషన్లు ఆగవు, కిడ్నీలు ఆగుతయి" అన్నది.

గా మాటకు మా చిన్న మేనత్త యాదికొచ్చింది. నేను చూడలే, మా నాయిన చెప్పెటోడు. చిన్న పిల్లనట. గిట్లనే అయితె, నీళ్లు తాగితె ఎక్కువైతదని ఇంటోళ్లు ఇయ్యలే. నీళ్లు, నీళ్లు అని పొద్దంత అడిగిందట. మా నాయినమ్మ కుండకు అడ్డం కూసున్నదట. బతకాల్నని బిడ్డా, పిల్ల బతకాల్ననే. బతకలే. మా నాయినమ్మ సచ్చెదాంక... ఏం చెప్తం తియ్యి.

గది తల్సుకొని ఏడ్సిన. బావ నొప్పేమో అనుకున్నడు. చెంచతోని గుక్కెడు గుక్కెడు తాపిండు. నా పంచె ఖరాబైతె ఆయననే పిండి ఆరేసిండు. "నువ్వెందుకు బావా, కొడుకున్నడు గద" అంటి. "అబ్బాయి మందులకి వెళ్లాడండి, నేను ఖాళీయే కదా" అన్నడు. ఆయన సీసల కాచిన నీళ్లే అడిగి తాగిన నేను.

సాలు, ఇగ బందు చెయ్యి. మీటింగులు మీటింగులని నీళ్లు తాగుడు మరుస్తవు నువ్వు. నీ కడుపు సల్లగుండ బిడ్డా... గీ దీవెన మొదలు ఎవ్వరు పెట్టిన్రో గని, కడుపు నొచ్చినోడే అయ్యుంటడు.