బందరు ఫైనలుకు రిఫరీ

హలో… ఆ, నేనే. బాలశౌరినే… ఎవరండీ? … బందరు నుంచా? కాస్త గట్టిగా చెప్పండి, ఇక్కడ వన్ టౌన్‌లో కొట్టు ముందే లారీ దించుతున్నారు, ఏం వినపడి చావదు…

ఎవరూ? … జీవరత్నమా?

మా తెరేసమ్మ తమ్ముడు జీవరత్నమా? …

ఆ, ఉన్నా, ఉన్నా. పెట్టెయ్యలేదు. బస్తా మీద కూర్చున్నానంతే. ఇన్నేళ్ళ తర్వాత ట్రంకాల్ అంటే గుండె గుభేలుమనదూ… అందరూ బాగున్నారు కదా? … హమ్మయ్య. … అక్క బానే ఉంది.

ఏంటి, ‘బాలశౌరి గారూ, మీరు’ అంటున్నావ్? బావనిరా నేను. … సరే, నీ ఇష్టం. చెప్పండి, ఫిజికల్ డైరెక్టరు గారూ.

టోర్నమెంటు చరిత్రా? … ఓహో, మన కాలేజీల ఫుట్‌బాల్ కప్పుదా. పాతికో ఏడా అప్పుడే… నిజమేరోయ్. యాభై రెండులో మొదలైంది, ఇది డెబ్బై ఆరు. … ప్రత్యేక సంచికకా? ఎవరెప్పుడు గెలిచారో కప్పు మీదే చెక్కారుగా, నన్నడగడమెందుకు? … రిఫరీల సంగతా?

అలా చెప్పు. ఆ కప్పు చరిత్రంతా రిఫరీల చరిత్రే. బెజవాడ రిఫరీ అంటే మీ బందరు వాళ్ళు ఒప్పుకోరు. బందరు రిఫరీ అంటే మా వాళ్ళు గ్రౌండులోకే దిగరు…

మొదటేడు చర్చి ఫాదరుగారు. అంగీ ఎత్తి పట్టుకుని పరిగెత్తారు పాపం. ఎవడైనా కాలడ్డం పెడితే విజిల్ వెయ్యరు – దగ్గరికి పిలిచి, ఇంకెప్పుడూ చెయ్యకు నాయనా అని దీవించి పంపించేవారు. ఇంకేముంది, సగంమంది కుంటుకుంటూ ఇళ్ళకెళ్ళారు.

నవ్వుతున్నావా? … నవ్వావులే, వినపడింది.

మరుసటేడు రైల్వే గార్డు. హాఫ్‌టైములో ఆయన గూడ్సుకి లైన్ క్లియరయిందట. డ్యూటీ అని వెళ్ళిపోయాడు, విజిల్ కూడా పట్టుకుపోయాడు. రెండు కాలేజీలూ మేమే గెలిచామని ఊరేగింపులు తీశాయి.

ఆ పైన పోలీసు ఇనస్పెక్టరు… ఆయన లాఠీతో నిలబడితే ఒక్కడు పరిగెత్తితే ఒట్టు. గోలు లేదు, పాడు లేదు.

ఆ తర్వాతా? … తర్వాత నేనేగా. నీకు తెలీదా ఏంటి?

…

నా పెళ్ళయిన మరుసటేడు. బెజవాడ వాళ్ళేమో మన కాలేజీలో చదివినవాడన్నారు. బందరు వాళ్ళేమో మనూరి అల్లుడన్నారు. పెళ్ళిలో మధ్యవర్తిని పెట్టినట్టు పెట్టారు నన్ను. …

నువ్వు కొట్టింది గోలే అంటావా? ఇంకా అదే పాటా? … మీవాడు నీకు బంతి అందించినప్పుడు నీ ముందు గోల్‌కీపరు తప్ప ఇంకెవరున్నారు చెప్పు. … ఆఫ్‌సైడేరా. బావమరిదివైతే మాత్రం ఆఫ్‌సైడ్ కాకుండా పోతుందా? … నువ్వేమైనా రాసుకో, నేను మాత్రం గోలని చెప్పను.

ఆ రాత్రి మీ అమ్మ నాకు చేపల పులుసులో ముక్క లేకుండా వడ్డించింది. అక్క సరేసరి, వారం మాట్లాడలేదు. … వాళ్ళు మర్చిపోయారు. నువ్వే మా గడప తొక్కలేదు. పిల్లల బాప్తిస్మాలకి రాలేదు. అత్తయ్య పోయాక నువ్వు అక్కని రమ్మని పిలవనూ లేదు. తను పుట్టింటి ఊసెత్తడం మానేసింది. నా మూలానే కదా అని నాకుండదూ?

…

టైమయిందా? పొడిగించమని చెప్పు ఆపరేటరమ్మకి. … ఆ, చెప్పు.

రేపు ఫైనలా? బందరులోనా? … మీకూ, మా కాలేజీకీ. మంచిదేగా. … అయితే రిఫరీ లేడా? వచ్చినతన్ని వద్దన్నారా? … రెండోవాణ్ణి కూడానా? పాతికేళ్ళయినా బుద్ధి రాలేదన్నమాట మీ రెండూళ్ళకీ.

నన్నా? …

నేనెప్పుడో వదిలేశానురా, ఇప్పుడు పూర్ణచంద్రరావు గారి బియ్యం కొట్టులో పనిచేసుకుంటున్నవాణ్ణి… ఊపిరికేం, పరిగెత్తగలను. అది కాదు – నా పేరెవరు చెప్పారు? మా బెజవాడ వాళ్ళేనా? … కాదా? మరి ప్రిన్సిపాలా?

…

నువ్వా?

…

ఏమని చెప్పావ్? … సొంత బావమరిదని కూడా చూడలేదు, ఈయనెవర్నీ చూడడు అన్నావా… అందరూ ఒప్పుకున్నారా?

…

ఉండు. ఏం లేదు… సంతోషంరా. ఎంత సంతోషమో నీకు చెప్పలేను.

వస్తాను. పొద్దున బస్సుకే. … హాస్టల్లో గది వద్దు. మీ ఇంట్లోనే దిగుతా. అక్కని తీసుకొస్తా. … 

నువ్వేమీ ఏర్పాట్లు చెయ్యకు. బస్సు దిగేసరికి స్టాండులో నిలబడి కనిపించు, చాలు. తను వెతుక్కోకూడదు. … ఆ. … ముందే వచ్చి ఉంటావా? … ఆ, సరే.

మీవాళ్ళకి మాత్రం చెప్పి ఉంచు, ఆఫ్‌సైడైతే విజిల్ వేస్తాను. … తెలుసా? తెలిస్తే మంచిదే. పెట్టెయ్యి.

…

పూర్ణచంద్రరావు గారూ, రేపు నేను కొట్టుకి రానండీ. … మా బావమరిదండి. … ఎవరు గెలుస్తారో నాకేం తెలుసండీ, ముందు ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాలి.