గింజ తీసిన ద్రాక్ష

హలో… ఆ, నేనేనక్కా. కొట్టుగదిలోంచి. గట్టిగా మాట్లాడలేను, అమ్మమ్మ వంటింట్లోనే ఉంది.

లేదు, ఎండుద్రాక్ష రొట్టె ఇంకా ఓవెన్‌లోకి పోలేదు. పిండి పొంగుతోంది… రేపు నువ్వూ బావా వచ్చేసరికి అయిపోతుందిలే. నాకు మాత్రం వద్దు. ఇంక ఈ జన్మలో వద్దు.

ఏమైందా… చెప్తే నువ్వూ కక్కుకుంటావు.

ఇన్నాళ్ళూ తలుపేసుకుని చేసేది కదా, ఇవాళ నన్ను లోపలికి పిలిచింది. వాళ్ళమ్మ తనకి నేర్పిందట, ఇక నువ్వే నేర్చుకోవాలి అంది. నేను పొంగిపోయాను. చేతులు కడుక్కుని, జడ ముడేసుకుని…

ఆ, మన పెరటి తీగ ద్రాక్షే, ఎండబెట్టి నానేసినవి. ఒక్కోదాంట్లో రెండేసి గింజలుంటాయి కదా. మరి రొట్టెలో ఎప్పుడైనా నీ పంటికి గింజ తగిలిందా? ఎలా తీస్తుందనుకున్నావ్?

కాదు. కత్తితో కాదు… సూదితోనూ కాదు.

నోట్లో వేసుకుని, అక్కా.

ముందు పళ్ళతో ఇలా నొక్కి, గింజలు పక్కకి ఉమ్మేసి, పండు తీసి గిన్నెలో వేస్తోంది. ఉమ్ము తీగలా సాగుతోంది… కిటికీ వెలుగులో మెరుస్తోంది. గిన్నె నిండా ఎంగిలి. మనం పుట్టినప్పటి నుంచీ తిన్నదంతా ఎంగిలే.

…నవ్వకు.

అడిగాను. కత్తి పెడితే రసం కారిపోయి రొట్టె చప్పబడుతుందట. కళ్ళు ఆనవు, వేళ్ళకి తిమ్మిరి, నాలుక్కి తెలిసినంత దేనికీ తెలీదు అంటుంది. నిప్పుల్లో కాలాక ఇంక ఎంగిలేంటే అని నన్నే కసిరింది. కొట్లో గింజల్లేనివి దొరుకుతాయి కదా అంటే, చచ్చిన ఎలకని తెస్తానన్నట్టు చూసింది.

ఇప్పుడెందుకేంటి… ఎల్లుండి పళ్ళ డాక్టరు ఆ మిగిలిన ముందు పళ్ళు కూడా పీకేస్తాడుగా. అందుకని. నా పనితనం చూసి కాదు, నా పళ్ళు చూసి పిలిచింది.

నేనేం అంటాను. గిన్నె నా ఒళ్ళో పెట్టేసింది. నీ ఫోను మోగింది, బతికాను.

…ఏంటీ?

నీకు తెలుసా?

ఎప్పటి నుంచి… నా వయసులోనా. నిన్నూ కూర్చోబెట్టిందా… పారిపోయావా. అందుకేనా ఆ తర్వాత ఎవర్నీ లోపలికి రానివ్వలేదు.

ఆగు. ఆగాగు. నీ ముక్కలో ద్రాక్షలన్నీ ఏరి నా కంచంలో వేసేదానివి. చిన్నదానివి, నువ్వు తినవే అని. అది ప్రేమనుకున్నాను అక్కా. బళ్ళో అందరికీ చెప్పుకున్నాను.

ఛీ. నీకంటే అమ్మమ్మే నయం. తను తినేదే మనకి పెట్టింది.

బావకి తెలుసా? … చెప్పలేదా. మూడేసి ముక్కలు అడిగి తింటాడు పాపం.

ఉండు— వస్తున్నా అమ్మమ్మా, అక్కే.

…తలుపు సందులోంచి కనిపిస్తోంది. దవడ పట్టుకుని కూర్చుంది. నొప్పి కాబోలు. మళ్ళీ ఇంకోటి నోట్లో వేసుకుంది. సగం కూడా కాలేదు.

ఏంటి, కొట్లో రొట్టె కొనుక్కొస్తావా… తప్పించుకోడానికి నువ్వు ఏదైనా తెస్తావు. నాకు తెలుసు.

ఏయ్, ఇక్కడికే వచ్చేసింది. గిన్నె పట్టుకుని మరీ. అమ్మమ్మా, ఫోన్లో ఉన్నానే… ఒక్కటా? పోనీ మళ్ళీ పళ్ళు తోముకొస్తాను… అయ్యో, నోట్లో పెట్టేసిం—

ఊఁ.

…

ఊఁ… ఊఁ.

వచ్చింది. రెండు గింజలూ వచ్చాయి. పండు తెగనే లేదు… అక్కా, అమ్మమ్మ మొహం చూడాలి నువ్వు.

ఛీ, ఎంత అసహ్యంగా ఉందో. ఇంకోటి ఇవ్వు అమ్మమ్మా.

వింటున్నావా? రేపు నీ ముక్క నీ కంచంలోనే. ఒక్క ద్రాక్ష పక్కకి తీశావో, బావకి మొత్తం చెప్పేస్తాను… బతిమాలకు. పెట్టేస్తున్నా, నా నోరు ఖాళీగా లేదు.