అడిగి చేసిన సబ్బు

ఎమర్జెన్సీ రోజులు. బాలానగర్ కార్మికుల వాడలో చంద్రమ్మ తలుపు సగమే తీసింది. వాకిట్లో ఇస్త్రీ చొక్కా యువకుడు.

“సబ్బుల కంపెనీ నుంచి వచ్చానండి. ఇంట్లో ఎంతమంది ఉంటారు?”

“సబ్బులు అమ్మేటోనికి మంది లెక్క ఎందుకు?”

“అమ్మడానికి కాదండి. బిళ్ళ పెద్దది చెయ్యాలా, చిన్నది చెయ్యాలా అన్నది మీరు చెప్పేదాన్ని బట్టే కంపెనీ తేల్చుకుంటుంది.”

కంపెనీ తనను అడిగి సబ్బు చేస్తుందంటే ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించే జీపువాళ్లు కూడా మొన్న ఇలాగే నవ్వుతూ అడిగారు.

“నేనొక్కదాన్నే ఉంట.”

“మరి దండెం మీద ఆ చిన్న లాగూలు?”

“పక్కింటోళ్లయి.”

“మీవారండీ?”

“ఊర్ల లేడు.”

మంచం కింద మగడు దగ్గు ఆపుకున్నాడు.

“అయితే మీకు చిన్న బిళ్ళ చాలండి. ఇదిగో, ఈ సబ్బు ఉంచుకోండి, ఊరికే.”

“ఊరికెనా?”

జీపువాళ్లు కూడా బకీటు ఊరికే ఇస్తామన్నారు. ఆమె ధడాలున తలుపు వేసి, పెరటి గోడ మీదుగా కేక పెట్టింది.

“సక్కుబాయీ, మీ ఆయనను దాచిపెట్టు! ఈసారి సబ్బు పట్టుకొని వస్తున్నరు!”

కొన్నాళ్లకు వాడ చివరి కొట్లోకి ఆ కంపెనీ కొత్త సబ్బు వచ్చింది, అగ్గిపెట్టెంత బిళ్ళ. చంద్రమ్మ చంకలో ఒకడు, కొంగు పట్టుకుని ముగ్గురు.

“గింత బిళ్ళ ఏ ఇంటికి సరిపోతది సేటూ? చేసెటోళ్లు జర మమ్మల్ని అడగొద్దా?”