జెకర్యా పెంపకం పుస్తకాలు

జెకర్యా అని ఉండేవాడు మా పల్లెలో. బిడ్డల్ని దేవుడి భయంలో పెంచడమెట్టా అని ఈ భూమ్మీద అచ్చైన పుస్తకమల్లా ఆయనింట్లోనే ఉండేదంట. ఎక్కడ సువార్త సభలు పెట్టినా పోవడం, ప్రసంగం సంగతి వదిలేసి పుస్తకాల బల్ల దగ్గర నిలబడటం, చంకనిండా తెచ్చుకోవడం. మొండి బిడ్డకు మందు ఒకటి, పదిహేనేళ్ళ పిల్లల ప్రమాదాలు ఒకటి, ఇట్టాంటివి. ఒకసారి ఆ మూట నేనెత్తాను. నేనంటే చంకకో వడ్ల బస్తా పెట్టుకుని కాలవ ఈదినోణ్ణి గదా, ఆ మూట కింద నా మోకాళ్ళు వణికినయ్యంటే చూసుకోండి. ఇంత చదివినోడికి పిల్లలెంతమంది అనుకున్నారు? ఒక్కతే. కెజియా, పదో తరగతి. ఒక్క పిల్లకి అరవై పుస్తకాలు! మా అమ్మ తొమ్మిదిమందిని అక్షరమ్ముక్క రాకుండానే పెంచింది, నన్ను చూడండి, ఏం తక్కువైంది?

ఏమైందంటే, ఆ ఏడు పిల్లకి మార్కులు పడిపోయినై. పిలిస్తే కళ్ళు చికిలించి చూసేదంట. పుస్తకం ముక్కుకి ఆనించుకునేదంట. ఎదురుగా సంఘపెద్ద వచ్చినా వందనాలు చెప్పకుండా పోయేదంట. జెకర్యా కళ్ళజోడు తగిలించుకుని వెతికితే తొంభయ్యో పేజీలో దొరికింది జబ్బు. ఇది తలబిరుసు అన్నాడు. పిల్ల వచ్చి "నాన్నా, బళ్ళో నాకు..." అనబోతే, "ఆగమ్మా, తండ్రి అడిగిందాకా బిడ్డ నోరు తెరవగూడదు, నాలుగో అధ్యాయం" అనేవాడు. అడిగేవాడా అంటే, ఏడీ, చదువుకుంటున్నాడు గదా! ఆఖరికి, మొండితనం పనిలో వంగుద్ది, సోమవారం నుంచి బడి మానేసి మిరప కోతకి పో అని తేల్చేశాడు. పిల్ల అన్నం ముట్టలేదంట. దానికీ ఓ పేజీ ఉందంట.

మా మందిరంలో ఓ ఆచారం. ఎవరి బాధ వాళ్ళు చీటీ మీద పేరు లేకుండా రాసి పెట్టెలో వేస్తారు. ఆదివారం పాస్టరు అయ్యగారు చదువుతాడు, ఎవరికి ప్రేరేపణ కలిగితే వాళ్ళు లేచి ప్రార్థన చేస్తారు. ఆ ఆదివారం అయ్యగారు తీసిన చీటీలో ఏముందంటే, "నాకు బళ్ళో బోర్డు కనబడటం లేదు. మా నాన్నకి చెబుదామంటే, పిల్లల్ని ఎట్టా పెంచాలో చదువుకుంటున్నాడు. ఆ చదువు తొందరగా అయిపోయేట్టు ప్రార్థన చెయ్యండి." అంతే. మందిరంలో అందరికీ అర్థమైంది. గోడ మీద బల్లికి గూడా అర్థమైంది. ఒక్క జెకర్యాకే కాలేదు!

పెంపకం గురించి తనకంటే తెలిసినోడు ఎవడని లేచాడు, మైకు అందుకున్నాడు. "ప్రభువా, ఆ గుడ్డి తండ్రిని గద్దించు! కన్నబిడ్డ కళ్ళు చూడలేని ఆ మూర్ఖుణ్ణి, ఆ గర్విష్ఠిని మోకాళ్ళ మీదికి తీసుకురా!" మేమంతా ఆమెన్. నా ఆమెన్‌కి పైన రేకు లేచి మళ్ళీ కూర్చుంది. అరగంట తిట్టుకున్నాడు, తనని తానే. ఊరంతా కలిసినా ఆయన్ని అంత బాగా తిట్టలేకపోయేవాళ్ళం. చివరికి ఏడుస్తా, "ఆ బిడ్డెవరో లేచి రా తల్లీ, రేపు పొద్దున్నే కంటి డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోతా" అన్నాడు.

ఆడోళ్ళ వైపు చాప మీంచి కెజియా లేచింది. జెకర్యా వేదికకి కుడిపక్క నిలబడ్డాడు, ఎడంపక్క డోలక్ ముందేసుకుని నేను. ఇద్దరివీ తెల్ల చొక్కాలే. మైకు డబ్బా నా నెత్తి మీద గోడకి తగిలించి ఉంది, గొంతు అందులోంచి వస్తా ఉంది. పిల్ల తిన్నగా నా ముందుకొచ్చి నిలబడి, నా మొహంలోకి చూసి, "అయితే రేపు కోతకి పోవద్దా నాన్నా?" అంది.

జెకర్యా నన్ను చూశాడు, పిల్లని చూశాడు. మైకు కింద పెట్టాడు. "నేనిక్కడున్నానమ్మా" అన్నాడు, వెనకున్నోళ్ళకి వినబడనంత చిన్నగా.

సోమవారం కోతకి పోలేదు, టౌనుకి పోయారు. అద్దాలొచ్చినై. ఆ అద్దాలతో పిల్ల ఆ పుస్తకాల్లో అన్నిటికంటే పాతది తీసి మొదటి పేజీ చదివిందంట. "ముందు ఈ పుస్తకం మూసి, మీ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి" అని ఉందంట! రాసినోడు మంచోడే పాపం. మనోడే ఎప్పుడూ శిక్షల అధ్యాయం నుంచి మొదలెట్టేవాడు.

ఇంకోటి. అద్దాలు పెట్టుకుని నన్ను చూసి ఆ పిల్ల, "ఇంతేనా పెదనాన్నా నువ్వు, ఇంకా పెద్దగా ఉంటావనుకున్నా" అంది. ఆ డాక్టరు కళ్ళు సరిగ్గా చూడలేదని నేను ఇప్పటికీ అంటా.