పిన్ను పెట్టాల్సిన చోటు

టీ విరామంలో అందరూ బయటికెళ్లినా, మిక్సీ మోటార్లకు మూతలు బిగించే బల్ల దగ్గర వదిన మాత్రం నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది. ఇంజినీరైన మరదలు తెచ్చి బిగించిన, మూతలు కూర్చోబెట్టే కొత్త దిమ్మ మీద చీటీ చదివినప్పటి నుంచీ ఆమెకు ఒళ్లు మండిపోతోంది. మరదలు అటు రాగానే నిలదీసింది.

“ఫూల్‌ప్రూఫ్ అని రాశావేంటమ్మాయ్? మీ అన్నయ్య ఫూల్‌ని కట్టుకున్నాడనా?”

“అయ్యో, నిన్ను కాదు వదినా! మూత తిరగేసి పెడితే ఈ పిన్ను అడ్డుపడుతుంది, అంతే.”

“మొన్న తిరగేసి పెట్టింది నేనేగా!”

“పొద్దస్తమానం అదే పనైతే ఎవరి చెయ్యయినా పొరబడుతుంది.”

“ఆ ముక్కే రాసి ఏడవొచ్చుగా!”

మరదలు నాలిక్కరుచుకుంది. “జపాన్‌లోనూ మొదట ఇలాగే ‘బాకా యోకే’ అన్నారట. అంటే తెలివితక్కువవాళ్ల నుంచి కాచుకోవడం. ఫ్యాక్టరీలో ఒకమ్మాయి ‘నేనంత తెలివితక్కువదాన్నా’ అని ఏడ్చేసిందట. దాంతో ‘పోకా యోకే’ అని మార్చారు. పొరపాటు జరక్కుండా చూసుకోవడం అన్నమాట.”

“ఏడ్చిందా, పిచ్చిపిల్ల! నేనైతే ఆ చీటీ రాసినవాళ్ల నుదుటి మీదే అంటించేదాన్ని.”

మరదలు గబగబా చీటీ పీకి జేబులో కుక్కుకుంది.

“ఇంతకీ ఆ పిల్ల పేరేంటి?”

“నేను చదివిన పుస్తకంలో లేదు వదినా. పేరు మార్చినాయన పేరు మాత్రం ఉంది.”

వదిన ఒక మూత తీసి తిన్నగా దిమ్మలో కూర్చోబెట్టింది.

“చూశావా? ఆ పిల్ల పేరు జారిపోకుండా పిన్ను పెట్టాల్సింది ఆ పుస్తకంలోనమ్మా.”